నల్లకోటు మీద పదకొండు చిల్లులు

ఒక్తావ్ పిర్లియా ముప్ఫై ఏళ్ళపాటు లేజర్లతో పని చేసిన శాస్త్రవేత్త. అయినా ఇంట్లో బల్బు మార్చాలంటే భార్యని పిలిచేవాడు. జంఫీరా స్టూలెక్కి బల్బు తిప్పుతూ, "ఇనప రేకుకి చిల్లు పొడిచే మనిషివి, నీకిదేం భయమయ్యా?" అనేది.

"అది నేను కొలిచి వదిలే కరెంటు. ఇది ఎటునుంచి ఎప్పుడొస్తుందో తెలీని కరెంటు" అనేవాడు ఒక్తావ్, కింద స్టూలు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని.

భయం అతనికి తండ్రి ఇచ్చిన ఆస్తి. తండ్రి కరకాల్ ఊళ్ళో గడియారాలు బాగుచేసేవాడు. ఆ పనివాళ్ళకి ఒక అలవాటుంది. ఏ గడియారం విప్పినా, తిరిగి మూసే ముందు మూత లోపలి వైపు సూదిమొనతో తమ పేరులోని మొదటి అక్షరాలు, తేదీ గీకుతారు. ఒక్తావ్‌కి పదహారేళ్ళప్పుడు తండ్రి టౌన్‌హాలు గడియారానికి నూనె వెయ్యడానికి గోపురం ఎక్కి, దాన్ని ఓ గంట ఆపాడు. ఆపాడు కానీ ఆ రోజేమిటో చూసుకోలేదు. కింద ప్రభుత్వ పండుగ ఊరేగింపు నడుస్తోంది, వేదిక మీద ఉపన్యాసం నడుస్తోంది, వాళ్ళందరి నెత్తిమీద గడియారం మాత్రం పదీ పది దగ్గర నిలబడిపోయింది. ఎవరు ఆపారో వెతుక్కునే శ్రమ కూడా లేకపోయింది. గడియారం తలుపు లోపల అక్షరాలూ తేదీ శుభ్రంగా గీకి ఉన్నాయి.

పోలీసులు పట్టుకెళ్ళిన తండ్రి మూడు రోజుల తరువాత ఇంటికి వచ్చాడు. ఒంటిమీద దెబ్బలేమీ లేవు. కానీ ఆ తరువాత ఆడవాళ్ళ చిన్న చేతిగడియారాలు ముట్టుకోలేదు. చేతులు వణికేవి. గోడ గడియారాలు మాత్రం బాగుచేస్తూ బతికాడు. ఆ మూడు రోజుల్లో ఏం జరిగిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కొడుకు చదువు కోసం రాజధానికి బయలుదేరిన రోజున మాత్రం, రైలు కదులుతుండగా కిటికీలోంచి చెప్పాడు: "చేసిన పనికి పేరు రాయి నాయనా. భయమేసినా రాయి. పేరు రాయని పని దొంగపనిలా ఉంటుంది."

ఒక్తావ్ ఆ మాటని వేదంలా పట్టుకున్నాడు. అదే అతని కొంప ముంచబోయింది.

రాజధాని బుకారెస్ట్‌కి దక్షిణంగా, బస్సు ఆఖరి స్టాపు దాటి మొక్కజొన్న చేల మధ్య నడిచి వెళితే వచ్చే పరిశోధన సంస్థలో అతనికి ఉద్యోగం వచ్చింది. అతని గదిలో మొట్టమొదటి లేజర్ వెలిగిన రోజున డైరెక్టరుతో సహా అందరూ నిలబడి చూస్తుంటే, ఒక్తావ్ బల్ల కింద చేతులూ మోకాళ్ళ మీద ఉండి, జారిపడిన మర వెతుకుతున్నాడు. పైన చప్పట్లు వినపడితే ఏదో పేలిందనుకుని ఇంకా లోపలికి జరిగాడు. తీసిన ఫోటోలో అతని బూట్ల అడుగులు మాత్రం పడ్డాయి. తరువాత రెండుసార్లు విదేశంలో సభకి వెళ్ళడానికి పాస్‌పోర్టు ఇచ్చారు. రెండుసార్లూ విరేచనాలు పట్టుకుని ఆగిపోయాడు. అయినా పనిలో మాత్రం గట్టివాడు. ఎనభైల నాటికి అతను స్వయంగా కట్టుకున్న లేజర్ దేశంలో ఉన్నవాటిలో మంచిదని, గిట్టనివాళ్ళు కూడా అనేవాళ్ళు.

అతని పక్కన పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న మెకానిక్ పేరు పందేలె. వయసులో పెద్దవాడు కనుక అందరికీ నియా పందేలె, అంటే పందేలె అన్న. చలికాలమైనా ఎండాకాలమైనా నల్ల గొర్రెతోలు టోపీ నెత్తిమీంచి దిగేది కాదు. కిందపడ్డ సూదిని చెవితో వెతికేవాడు. ఇద్దరూ రోజుకి ఓ ఇరవై మాటలు మాట్లాడుకునేవారు. అందులో పదిహేను మరల గురించే.

వాళ్ళ లేజర్‌తో చిక్కేమిటంటే, దాని వెలుగు కంటికి కనపడదు. ఎక్కడ పడుతోందో తెలియాలంటే అడ్డంగా నల్ల కాగితం పెట్టాలి. కిరణం తగిలిన చోట చిన్న చిల్లు కాలుతుంది. ఆ చిల్లు గుండ్రంగా ఉందా, పక్కకి సాగిందా అని చూసి అద్దాలు సర్దుకోవాలి. తరువాత ఒక్తావ్ ఆ కాగితం అంచున ఏ చిల్లు ఎంత బలంతో పడిందో రాసి, తేదీ వేసి, "ఓ.పి." అని సంతకం చేసి నోటుపుస్తకంలో అంటించేవాడు.

మామూలుగా దీనికి ఫోటో కాగితం వాడతారు. అది రెండేళ్ళుగా దొరకడం లేదు. టైపిస్టుల దగ్గర కార్బన్ కాగితాలు తీసుకుందామంటే కరపత్రాలు తీస్తారని ఆ కాగితాల మీద నిఘా ఉండేది. మిగిలింది దినపత్రిక. పత్రిక సిరా చూస్తే పొయ్యిలో బూడిద నయం. ఒక్క మొదటి పేజీలో, దేశాన్ని ఏలే పెద్దాయన బొమ్మకి మాత్రం అసలైన సిరా పోసేవారు. ఆయన కోటు కాటుకలా నిగనిగలాడుతూ, ఎక్కడా మచ్చ లేకుండా ఒక్కతీరున ఉండేది. లేజర్ కోసమే అచ్చు వేశారా అన్నంత బాగుండేది. ఈ సంగతి సంస్థలో ప్రతి గదికీ తెలుసు. ఒక్కరూ పైకి అనలేదు. నియా పందేలె రోజూ పత్రిక లోపలి పేజీల్లోంచి ట్రాక్టర్ల బొమ్మలు వెతికి, టైర్లు కత్తిరించి డబ్బాలో వేసేవాడు. ఒక్తావ్ ప్రతి టైరునీ వెనక్కి తిప్పి, వెనకవైపు ఎవరి మొహమూ లేదని చూసుకుని మరీ వాడేవాడు.

ఎనభై అయిదు ఫిబ్రవరి. గదిలో ఎనిమిది డిగ్రీలు. ఓవర్‌కోట్లు వేసుకునే పనిచేసేవారు. కరెంటు పదకొండింటికి వచ్చి ఒంటిగంటకి పోయేది. గురువారం తనిఖీ సంఘం వస్తోందని, లేజర్ పనిచేయకపోతే గది మూసేస్తారని కబురు వచ్చింది. సోమవారం పన్నెండున్నర దాటాక కిరణం ఎంతకీ దారికి రాలేదు. టైర్లు అయిపోయాయి. నియా పందేలె నీళ్ళ పంపు దగ్గర తిట్టుకుంటున్నాడు. ఒక్తావ్ కళ్ళకి ముదురాకుపచ్చ రక్షణ అద్దాలు. వాటిలోంచి చూస్తే లోకమంతా కషాయం రంగు. చేతికందిన పత్రికలో నల్లగా ఉన్నచోట తడిమి, ఒక ముక్క చింపి, పట్టకారుకి తగిలించాడు.

ఆహా, ఏం చిల్లులవి! గుండ్రంగా, అంచులు సూదితో గీసినట్టు. ఒకటి తరువాత ఒకటి పదకొండు వేశాడు. ఆ సంతోషంలో పెన్సిల్ తీసి అంచున రాశాడు కూడా. అంతలో కరెంటు పోయింది. కిటికీలు లేని గది, చీకటి. గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టకుండా కుళాయి వదలడానికి తడుముకుంటూ వెళ్ళాడు. తిరిగి వచ్చి తడిమితే పట్టకారు ఖాళీగా ఉంది. నోటుపుస్తకంలో పెట్టేసుకున్నాననుకున్నాడు.

మర్నాడు కరెంటు వచ్చాక పుస్తకం తెరిచాడు. ముక్క లేదు. బల్ల కింద లేదు. చెత్తబుట్టలో లేదు. స్టూలు మీద నిన్నటి పత్రిక ఉంది. దాన్ని ఎత్తాడు.

మొదటి పేజీ మధ్యలో అరచేతంత ఖాళీ. ఖాళీకి కింద, చిరుగు అంచున, ఒక జత బూట్లు నిలబడి ఉన్నాయి. వాటికి రెండడుగుల వెనక వరసగా ఇంకో పది జతల బూట్లు. రెండడుగులు ముందు నిలబడే బూట్లు ఎవరివో ఆ దేశంలో పసిపిల్లలకి కూడా తెలుసు.

ఒక్తావ్ నేలమీద చతికిలబడ్డాడు. నియా పందేలె గుమ్మంలోంచి చూసి, ఏమైందని అడగకుండా మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు. పన్నెండేళ్ళలో ఆ మనిషి అలా మొహం తిప్పుకోవడం అదే మొదలు.

ఆ సాయంత్రం వంటింట్లో భార్య చెవిలో ఊదాడు. జంఫీరా ముందు కుళాయి తిప్పింది, మాటలు పక్కింటికి వినపడకుండా. నీళ్ళు రాలేదు. రేడియో తిప్పింది. కరెంటు లేదు. చివరికి మూకుడు బోర్లించి గరిటెతో వాయించడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు చెప్పు. పక్కన ఏం రాశావు?"

"చిల్లుల బలం."

"ఇంకా?"

"'ఎనిమిదోది బాగా తగిలింది' అని."

గరిటె వేగం పెరిగింది. "ఇంకా?"

"'కింద పడుతోంది, రేపు ఇంకాస్త పైకి' అని."

గరిటె ఆగింది. జంఫీరా స్టూలు మీద కూర్చుంది. "సంతకం చెయ్యలేదు కదా?"

ఒక్తావ్ మూకుడు వైపు చూశాడు.

"చేశావు. తేదీ కూడా వేసుంటావు. ఎంచక్కా." ఆమె నుదురు పట్టుకుంది. "ఫుట్‌బాల్ పేజీ లేదటయ్యా నీకు? పదకొండు మందీ ఉంటారు, ఒక్కొక్కడికి ఒక్కోటి కొట్టేవాడివి!"

"దాని సిరా పలచన, జంఫీరా."

పక్కింటివాళ్ళు గోడ మీద దబదబా కొట్టారు. "ఏం వండుతున్నావమ్మా అంత చప్పుడుగా?"

"సంకటి గడ్డకట్టిందండీ!" అని అరిచి, ఆమె మళ్ళీ గొంతు తగ్గించింది. "ఎవరు తీసి ఉంటారు?"

"గది తాళంచెవి ముగ్గురి దగ్గర ఉంది. కానీ చీకట్లో పక్కనున్నది నియా పందేలె ఒక్కడే. ఇవాళ నా మొహం చూడలేదు."

"అతనా? మన పెళ్ళిరోజుకి పందిమాంసం తెచ్చినవాడా?"

"ఎవరైనా కావచ్చు కదా."

జంఫీరా లేచి, బీరువా తీసి, సంచీలో రెండు జతల ఉన్ని మేజోళ్ళు, ఒక సబ్బు, పళ్ళపొడి, పొగలో ఆరబెట్టిన కొవ్వు ముక్క పెట్టి తలుపు వెనక తగిలించింది. ఎప్పుడు పట్టుకెళ్ళినా చేతికందేలా.

బుధవారం పదిన్నరకి పిలుపు వచ్చింది. కామ్రేడ్ స్కుర్తు గదికి రమ్మని.

స్కుర్తు ఉద్యోగుల ఫైళ్ళు చూసేవాడు. అతని తలుపుకి లోపలా బయటా దూదిపరుపు కుట్టించి ఉంటుంది. లోపలి మాట బయటికి రాదు. బయటివాళ్ళు కొట్టినా వినపడదు కనుక, పిలిచేదాకా నిలబడాలి. ఒక్తావ్ ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. తండ్రి చేతులు గుర్తొచ్చాయి. తన చేతులు జేబుల్లో దాచుకున్నాడు.

"కూర్చో కామ్రేడ్ పిర్లియా" అన్నాడు స్కుర్తు, పరుపు తలుపు వేసి. "విషయం ఈ గది దాటకూడదు."

"దాటదు."

"నీ గురించి విన్నాను. గురిపెడితే వెంట్రుకవాసి తప్పదట కదా."

ఒక్తావ్ కుర్చీ అంచుకి జరిగాడు. "కామ్రేడ్, నేను కళ్ళద్దాలు పెట్టుకున్నాను. అందువల్లే..."

"ఏ కళ్ళద్దాలు?"

ఒక్తావ్ స్కుర్తు మొహంలోకి చూశాడు. అక్కడ నిజంగానే ఏమీ లేదు. "ద... దగ్గరివి. దగ్గరివి సరిగా ఆనవు."

"దగ్గరిది కాదయ్యా, దూరానిదే. మా డాబా మీద యాంటెన్నా." స్కుర్తు ముందుకు వంగాడు. "మన టీవీ రెండు గంటలేగా. ఆ రెండు గంటలూ... సరే, మంచిదే అనుకో. కానీ మా ఆవిడకి బల్గేరియావాళ్ళ ధారావాహిక కావాలి. మంచుకి యాంటెన్నా ఒంగింది, నాలుగు రోజులుగా నాతో మాట్లాడ్డం లేదు. నువ్వొచ్చి అటు తిప్పిపెట్టాలి. ఎవరితోనైనా అన్నావో..."

"అనను కామ్రేడ్" అన్నాడు ఒక్తావ్. అప్పుడు అతనికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. గుమ్మం దాటి, వరండా దాటి, నియా పందేలె పక్కనుంచి నడిచి, తన గదిలోకి వెళ్ళేదాకా అవి ఆగలేదు. ఆ సాయంత్రం మంచు పట్టిన డాబా మీద, స్కుర్తు కింద నుంచి "కుడికి! కుడికి! ఆఁ, పాడుతోంది, పాడుతోంది!" అని గుసగుసగా అరుస్తుంటే, కళ్ళు మూసుకుని యాంటెన్నా తిప్పాడు.

అంటే కాగితం ఇంకా పరుపు తలుపు దాకా చేరలేదు. అయితే ఎక్కడుంది? ఎవరు, ఎప్పుడు ఇద్దామని దాచుకున్నారు? పెద్ద సంఘం వచ్చే రోజు కన్నా మంచి రోజు ఏముంటుంది?

గురువారం పదకొండుంబావుకి వచ్చారు. నలుగురు, వెనక డైరెక్టరు, ఆ వెనక స్కుర్తు. ముందున్న బూడిదరంగు కోటు ఆయన మాట్లాడితే మిగతావాళ్ళు తలూపేవారు. ఒక్తావ్ వివరాలు చెప్పాడు.

"అంకెలు బానే ఉన్నాయి" అన్నాడు బూడిదకోటు. "ఇది నిజంగా ఏదైనా కాలుస్తుందా? కళ్ళతో చూడాలి." కోటు జేబులోంచి మడిచిన పత్రిక తీసి, చూడకుండానే చేతిలో పెట్టాడు. "దీన్ని కొట్టి చూపించు."

ఆ రోజు పత్రిక. పెద్దాయనకి ఏదో దేశంవాళ్ళు పతకం ఇచ్చారు. ఒక్తావ్ మడత విప్పాడు: మొదటి పేజీలో ఆయన. తిప్పాడు: రెండులో ఆయన, పతకంతో. మూడు, నాలుగులలో కూడా. ట్రాక్టరన్నది మచ్చుకైనా లేదు.

గదిలో అందరూ చూశారు. చూశారని ఒకరికొకరు కనపడకుండా గోడల వైపు తిరిగారు. ఆ కాగితం వద్దంటే, ఎందుకొద్దని అడుగుతాడు. ఎందుకొద్దో నోటితో చెప్పడమే ఒక నేరం. సరే అని కొడితే అది ఇంకో నేరం. డైరెక్టరు తన చేతిగడియారం చూసుకుంటూ ఉండిపోయాడు. బూడిదకోటుకి కూడా ఇప్పుడు తెలిసింది. చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఇచ్చిన కాగితం వెనక్కి అడిగితే తను ఏమనుకున్నాడో అందరికీ తెలిసిపోతుంది.

ఒక్తావ్ పత్రికని మళ్ళీ మొదటి పేజీకి తిప్పాడు.

"కాగితం దేనికండీ కామ్రేడ్" అంది వెనకనుంచి ఒక గొంతు. నియా పందేలె. ముందుకి వచ్చి, నెత్తిమీది నల్లటోపీ తీసి పట్టకారుకి తగిలించాడు. "కాయితాన్ని అగ్గిపుల్ల కూడా కాలుస్తది. గొర్రెతోలు మీద చూడండి తడాఖా."

బూడిదకోటు వదిలిన ఊపిరి అందరికీ వినిపించింది. "అదీ! అసలైన శ్రామికుడి ఆలోచన!" అని పత్రిక లాక్కుని జేబులో కుక్కుకున్నాడు.

ఒక్తావ్ గురి చూడడానికి వంగాడు. టోపీ లోపలి అస్తరు ఒకచోట ఊడి ఉంది. అక్కడ గోరంత కాగితం మూల తొంగిచూస్తోంది. దానిమీద పెన్సిల్‌తో, తన దస్తూరీలో: "పైకి".

తలెత్తితే నియా పందేలె అతన్నే చూస్తున్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"కానియ్యండి డాక్టరుగారూ."

మూడుసార్లు కొట్టాడు. ఉన్ని కాలిన కంపు గదంతా నిండింది. సంఘంవాళ్ళు దగ్గుతూ చప్పట్లు కొట్టారు. బూడిదకోటు ఉత్సాహంగా ముందుకొచ్చి చెయ్యి చాచాడు. "ఏదీ, అవతలికి దిగిందేమో చూడనీ. ఇలా ఇవ్వు."

ఆయన వేళ్ళు అస్తరుకి అంగుళం దూరంలో ఉన్నాయి. ఒక్తావ్‌కి ఇంట్లో తలుపు వెనక సంచీ కళ్ళముందు కనిపించింది. ఉన్ని మేజోళ్ళు కనిపించాయి.

"ముట్టుకోమాకండి కామ్రేడ్!" అన్నాడు నియా పందేలె.

"ఏం?"

"పేలున్నయ్యండీ."

నలుగురూ ఒకే అడుగు వెనక్కి వేశారు. స్కుర్తు మెడ గోక్కున్నాడు. డైరెక్టరు, "పందేలె!" అన్నాడు, ఏడవబోయే గొంతుతో. నియా పందేలె టోపీ తీసుకుని, పొగలు వస్తుండగానే, నెత్తిన పెట్టుకుని చెవులదాకా లాక్కున్నాడు.

లేజర్ నెగ్గింది. గది దక్కింది. నియా పందేలెకి గుండు గీయించి, గంధకం మందు పూశారు. గదిలో తెల్లపొడి చల్లారు. టోపీ కాల్చెయ్యమంటే, ఎక్కడిదో పాత టోపీ తెచ్చి అందరి ఎదుటా కాల్చాడు. ఆ రోజు నుంచి అతను పేల పందేలె. క్యాంటీన్‌లో అతని బల్ల దగ్గర ఇంకెవరూ కూర్చునేవారు కాదు.

శుక్రవారం మధ్యాహ్నం బస్సు స్టాపుకి నడిచేటప్పుడు, కోసేసిన మొక్కజొన్న మోళ్ళ మధ్య, చుట్టూ మైలుదూరం ఎవరూ లేరని చూసుకుని ఒక్తావ్ అడిగాడు: "ఎప్పుడు తీశావు?"

"సోమారమే. కరెంటు పోగానే టార్చి ఏశా. పెద్దాయన కోటు మీద పదకొండు చిల్లులు. పక్కన మీ రాత."

"మరి నాకెందుకు చెప్పలేదు నియా పందేలె?"

అతను గుండు తడుముకుంటూ పది అడుగులు నడిచాడు. "చెబ్దామనే అనుకున్నా. అంతలో ఇంకో ఆలోచనొచ్చింది. ఈయన టైరు ముక్కని కూడా ఎనక్కి తిప్పి చూసే మనిషి. పొరపాటున చేస్తాడా? కావాలనే పెట్టాడేమో. నేను దాస్తానా, పైకి చెబ్తానా అని చూట్టానికి."

"నేనా?"

"దాస్తే నేను పోతా. చెబ్తే, ఒకేళ మీరు ఆళ్ళ మనిషి కాకపోతే, మీరు పోతారు. మూడ్రోజులు రొట్టె సయించలా. పైగా బుధారం స్కుర్తు గదిలోంచి వస్తా నా పక్కన భుజాలెగరేసుకుంటా నవ్వుకుంటా పోయారు."

"అవి ఎక్కిళ్ళయ్యా!"

నియా పందేలె ఆగిపోయాడు. "ఎక్కిళ్ళా."

యాభై ఏళ్ళు వస్తున్నాయి. అందరికీ భయపడుతూ బతికిన ఒక్తావ్‌కి, తనని చూసి ఇంకొక మనిషి తిండి మానేశాడన్న సంగతి ఇమడలేదు. అది గర్వంగా అనిపించలేదు. ఒంట్లో బాగాలేనట్టు అనిపించింది.

"మరి నువ్వు దాన్ని కాల్చెయ్యలేదేం?"

"కాలుస్తుంటే ఎవడన్నా చూస్తే? అదీగాక దానిమీద మీ లెక్కలున్నయ్. మళ్ళీ కావాలంటారేమోనని." కోటులో దాచుకున్న టోపీ అస్తరులోంచి ముక్క తీసి చేతిలో పెట్టాడు. పదకొండు చిల్లుల మీద అడ్డంగా ఇంకొక పెద్ద చిల్లు, అంచులు మాడి, ఉన్నిపోగులు అతుక్కుని. "మీరు నన్ను అనుమానించారా?"

"అనుమానించాను" అన్నాడు ఒక్తావ్.

"అయితే సరిపోయింది" అన్నాడు నియా పందేలె. బస్సు వచ్చింది. వేరువేరు సీట్లలో కూర్చున్నారు.

ఆ ముక్కని ఉంచుకోవడానికీ ఒక్తావ్‌కి భయమే, చింపెయ్యడానికీ భయమే. ఇంట్లో తండ్రి మిగిల్చిన గోడ గడియారం వెనక దాచాడు. గంట కొట్టినప్పుడల్లా ఉలిక్కిపడేవాడు.

అయిదేళ్ళు గడిచాయి. "ఏం పేల పందేలె, మందలో ఎన్ని?" అని వరండాలో ఎవరో ఒకరు అన్నప్పుడల్లా, అతనికి పేలు లేవని చెప్పాలని ఒక్తావ్ నోరు తెరిచేవాడు. ఆ ముక్క చెబితే మిగతాదంతా చెప్పాలి. నోరు మూసుకునేవాడు. చెయ్యగలిగింది ఒక్కటే చేశాడు: క్యాంటీన్‌లో తన చిక్కుడుగింజల పులుసు గిన్నె తీసుకుని వెళ్ళి అతని ఎదుట కూర్చునేవాడు. దాంతో తన పక్కన కూర్చునేవాళ్ళు కూడా తగ్గారు.

తొంభై జనవరిలో, పెద్దాయన పాలన కూలి అంతా తలకిందులైన నెలరోజులకి, క్యాంటీన్‌లో అందరి సభ పెట్టారు. ఎవరెవరు ఎలా ఎదిరించారో చెప్పమన్నారు. ఒకాయన ఉపన్యాసాలప్పుడు చప్పట్లు మెల్లగా కొట్టేవాడట. ఇంకొకామె గోడ మీది బొమ్మ దుమ్ము దులిపేది కాదట. విప్లవం గుర్తుగా చేతికి మూడు రంగుల గుడ్డ కట్టుకుని మూడో వరసలో కూర్చున్న స్కుర్తు లేచి, నిషేధాన్ని లెక్కచెయ్యక తాను ఏళ్ళ తరబడి బల్గేరియా టీవీ చూశానని గద్గదంగా చెప్పాడు. యాంటెన్నా ఎవరు తిప్పారో చెప్పలేదు.

ఒక్తావ్ లేచాడు. ఎవరూ పిలవలేదు. ముందుకి వెళ్ళి, జేబులోంచి కాగితం ముక్క తీశాడు.

"నేను ఒక్క మాట చెప్పాలి" అన్నాడు. "నియా పందేలెకి పేలు లేవు."

నవ్వులు. అతను ఆగి, మళ్ళీ అన్నాడు. "ఎప్పుడూ లేవు. నా కోసం అలా అన్నాడు." తరువాత సోమవారం నుంచి శుక్రవారం దాకా జరిగింది, నోటుపుస్తకంలో రాసినట్టు, వరసగా చెప్పాడు. ముక్క చేతులు మారుతూ హాలంతా తిరిగింది. జనం లేచి నిలబడ్డారు.

"అంటే అప్పుడే పెద్దాయన గుండెకి గురిపెట్టారన్నమాట, డాక్టరుగారూ!" అని ఎవరో అరిచారు. చప్పట్లకి చేతులు పైకి లేచి ఉన్నాయి. అవునంటే చాలు.

"లేదండీ" అన్నాడు ఒక్తావ్. "సిరా బాగుందని."

"మరి 'ఇంకాస్త పైకి' అని రాశారుగా!"

"కిరణం నిజంగానే కింద పడుతోంది. ఓ రెండు మిల్లీమీటర్లు."

లేచిన చేతులు దిగిపోయాయి. "ఇంకా భయమే పాపం ఈయనకి" అన్నారెవరో, జాలిగా. ఒక్తావ్ ఆ మాట కాదనలేదు. చివరి వరసలో నియా పందేలె టోపీ తీసి, ముందున్న చిల్లులోంచి వేలు బయటికి పెట్టి ఆడించాడు.

బయటికి వస్తుంటే అన్నాడు: "ఒక్క ముక్క చెప్పటానికి అయిదేళ్ళు పట్టిందేందండీ?"

"నీకు కోపంగా లేదా?"

"కోపమెందుకు. నా పక్కన కూర్చుని పులుసు తాగింది మీరొక్కరేగా." టోపీ పెట్టుకున్నాడు. "అయినా చెప్పకుండా ఉండాల్సింది. ఇన్నాళ్ళూ బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీనే. రేపట్నుంచి నుంచోవాల."

ఇంటికి వచ్చి ఒక్తావ్ ముక్కని మళ్ళీ గడియారం వెనక పెట్టాడు. జంఫీరా అయిదేళ్ళుగా తలుపు వెనకే ఉన్న సంచీ దించి బల్లమీద పెట్టింది. "ఇక విప్పెయ్యనా?"

ఒక్తావ్ సంచీ వైపు చూశాడు. కిటికీలోంచి వీధిలోకి చూశాడు. "ఇప్పుడే వద్దులే" అన్నాడు. "ఇంకొన్నాళ్ళు చూద్దాం."

ఆమె సంచీ మూతి వదులు చేసి, లోపల చెయ్యి పెట్టి, సబ్బు ఒక్కటి బయటికి తీసుకుని, మిగతాది ఉన్నచోటే మళ్ళీ తగిలించింది. ఊళ్ళో వారంరోజులుగా సబ్బు దొరకడం లేదు.